మత్స్యన్యాయమునకు డార్విను సాక్ష్యమా?

మన పెద్దమనుష్యులలో ఒక విచిత్రమగు మతము ప్రబలియున్నది. మానవుడు వానరమునకు దాయాది యన్నచో వారికి కోపము వచ్చును. కాని బలవంతుడు బ్రతుకును, బలహీనుడు నశించును, ఇది ప్రకృతిధర్మము, దీని కెవ్వరును అడ్డుపడరాదు అని చెప్పుటలో వారే ముందుందురు. జీవశాస్త్రమున డార్విను అబద్ధికుడు. కూలి రేటు నిర్ణయించునపుడు మాత్రము ఋషి! ఒకే నోట ఈ రెండు మాటలును ఎట్లు వెలువడుచున్నవో విచారింపవలసియున్నది.

మొదటి మాటకు సాక్ష్యము వెదుక నక్కఱలేదు. 2018 జనవరిలో కేంద్ర మానవవనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగుగారు, కోతి మనుష్యుడగుట ఎవ్వరును చూడలేదు గనుక డార్విను సిద్ధాంతము తప్పనియు, పాఠములలో దానిని మార్పవలెననియు సెలవిచ్చిరి. 2019 జనవరిలో జలంధరున జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో, నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి. నాగేశ్వరరావుగారు డార్విను వాదముకంటె దశావతారములు మేలని ఉపన్యసించిరి. 2023లో కేంద్రమువారి పదవ తరగతి సైన్సు పుస్తకమునుండి పరిణామ భాగమే మాయమైనది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును చేవ్రాళ్లు చేసి ఆక్షేపించిరి.

సంస్కృతము చదివినవాడను గనుక దశావతారముల మాట నాకు మఱింత కష్టము కలిగించినది. వరాహమునకు నరసింహుడు పుట్టెనని ఏ పురాణమును చెప్పలేదు. అవతారమనగా దిగివచ్చుట, పరిణామమనగా వంశక్రమమున మాఱుట. రెండును ఒకటి యనుటవలన భక్తునకును లాభము లేదు, శాస్త్రజ్ఞునకును లేదు. పోనిండు, పోలికయే కావలెనన్నచో మొదటి అవతారకథనే చూతము. శతపథ బ్రాహ్మణమున మనువు చేతికి చిక్కిన చిఱుచేప యేమి కోరినది? పెద్దచేపలు చిన్నవానిని మ్రింగుచున్నవి, పెరుగువఱకు నన్ను కాపాడుమని! మనువు దానిని మొదట కుండలోను, పిదప గుంటలోను పెంచి, తుదకు సముద్రమున విడిచెను. ఆ చేపయే తరువాతి పురాణములలో విష్ణుని మత్స్యావతారమైనది. కౌటిల్యుడును మత్స్యన్యాయమును దండనీతి లేనప్పటి దురవస్థగా చెప్పెనేగాని ఆదర్శముగా చెప్పలేదు. పూర్వులు ఏది మాన్పుటకై రాజు పుట్టెననిరో, దానినే మనవారు నేడు రాజనీతి యనుచున్నారు.

రెండవ మాటకు డార్విను పేరు తగిలించుట యింకొక అన్యాయము. 'యోగ్యతముల మనుగడ' యను మాట డార్విను కల్పించినది కాదు. హెర్బర్టు స్పెన్సరు 1864లో దానిని వాడెను. డార్విను 1869లో, తన గ్రంథపు అయిదవ కూర్పున, దానిని చేర్చుకొనెను. యోగ్యత యనగా ఆయన యెడ ఒక స్థలమున, ఒక కాలమున సంతతి నిలుపుకొనుటకు తగినట్లుండుటయే. మన పాలమూరు చల్క నేలలో జొన్న నిలుచును, వరి యెండును. కాలువ క్రింద నీరు నిలిచిన మడిలో జొన్న కుళ్లును, వరి కంకి వేయును. ఈ రెండింటిలో ఏది ఉత్తమకులము? 1871 నాటి గ్రంథమున దుర్బలులను రక్షించుటవలన జాతి క్షీణించునేమో యను శంక డార్వినునకును కలిగినది; దాచనేల? అయినను ఆ దయను విడుచుట మన స్వభావములోని ఉత్తమభాగమును చెఱచుకొనుటయే యని ఆయన అక్కడనే వ్రాసెను. మనవారు శంకను పట్టుకొని సమాధానమును విడిచిరి.

ఇక నల్లగొండ చరిత్రకు వత్తము. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరముల భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసిరి. లక్షన్నర ఎకరములు దున్నగల బలము ప్రకృతి యే దేహమునకు ఇచ్చినది? దేశముఖులు మొదట శిస్తు వసూలుచేయువారు. మొదటి సాలార్జంగు గుత్తపద్ధతి మాన్పి వారికి రుసుము లేర్పఱచెను. పిదప సర్వే బందోబస్తులలో రైతుల భూములు పెక్కు వారి పేర పట్టాలైనవి. కలము, కాగితము, పట్వారి: ఇవియే వారి గోళ్లును కోఱలును. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగలచేత కూలి యీయక చేయించిన వెట్టి దానిపై లేచిన మేడ. 1946 జూలై 4న కడవెండిలో విస్నూరు దేశముఖు మనుష్యులు తుపాకి కాల్చి దొడ్డి కొమరయ్యను చంపిరి. అటుపిమ్మట సంఘము బలపడినది, దొరలు గడీలు విడిచి పాఱిపోయిరి. అప్పుడు వారు 'ఇది ప్రకృతి తీర్పు' అని తలవంచిరా? పోలీసులను, రజాకార్లను పిలుచుకొనిరి!

జన్మసిద్ధ దౌర్బల్యమను మాట యెంత క్రూరమైనదో తెలియగోరువారు మర్రిగూడ వైపు పోవలెను. కాళ్లు వంకరపోయి, నడుము వంగి, నడివయసుననే ముదుసలులైనవారు అక్కడ కనబడుదురు. 'ఆ వంశమే అంత' యనువారిని నేను చెవులార వింటిని. ఆ వంశమున దోషమేమియు లేదు. దోషము బావిలో నున్నది. ఆ ప్రాంతపు నల్లరాతి పొరలనుండి ఫ్లోరైడు నీటిలో కరగును. లీటరున ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లును ఎముకలును చెడును. ఈ వ్యాధి మన దేశమున 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తింపబడినది. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తొలగించు విధానమునకు 'నల్లగొండ పద్ధతి' యని మన జిల్లా పేరే పెట్టిరి. అయినను మన పల్లెలలో తరములు గడచినవి. అన్న ఊరిబావి నీరు త్రాగి వంగిపోవును. పసితనముననే పట్టణము చేరిన తమ్ముడు నిటారుగ నడచును. రక్తమొక్కటియే, నీరు వేఱు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథవంటి పథకమున గొట్టముద్వారా నదీజలము తెచ్చినచో బిడ్డ యెముక నిలుచును. వాని తాతను మార్ప నక్కఱలేదు. ప్రకృతికి అడ్డుపడరాదను వాదమును ఆనాడే పాటించియుండినచో గొట్టము వేయుటయే పాపమయ్యెడిది.

కులమునకు కూడ ఇదే వాదము తొడిగిరి. 1901 జనాభా లెక్కల అధికారి రిస్లీ ముక్కుల వెడల్పు కొలిచి కులముల హెచ్చుతగ్గులను నిర్ణయింపజూచెను. కులము వంశశుద్ధికై యేర్పడినదను మాటను అంబేడ్కరుగారు 1936లో 'కులనిర్మూలన'మున ఖండించిరి. ముక్కుకొలతలు నేడు మాసినవి, వివాహప్రకటనలు మాసినవా?

అమెరికాలో 1925లో డేటను పట్టణపు విచారణయందు డార్విను వాదమును ఎదిర్చిన బ్రయను, బలవంతుల దౌర్జన్యమునకు ఆ వాదము ఊతమగునని భయపడినవాడు. ఆయన తప్పు చెప్పెను గాని బీదలపై ప్రేమతో చెప్పెను. మనవారికి ఆ సాకును లేదు.

పాలమూరు కూలీలను చూడుడు. గుంపు మేస్త్రి చేతిలో ముందుసొమ్ము తీసికొని, ఆలుబిడ్డలతో దూరదేశములకేగి, ఆనకట్టలును కాలువలును త్రవ్వినవారు వారు. 'తెలివియున్నచో ఊరిలోనే బ్రతుకరా?' అని పట్టణపు పెద్దలందురు. కృష్ణయు తుంగభద్రయు ఆ నేలను ఒరసికొని పాఱుచున్నవి. రాజోలిబండ మళ్లింపు పథకము క్రింద ఆ జిల్లాకు చూపిన ఆయకట్టు 87,500 ఎకరములు. కాలువ చివరిభూములకు ఆ నీరు సరిగ చేరలేదు. అక్కడి రైతు మూట కట్టుకొని బస్సెక్కి, ఇంకొక జిల్లాకు నీరు తెచ్చు కాలువ త్రవ్వబోయెను.