ప్రశ్నకును మర్యాద గలదు

టెలివిజనులో ప్రశ్నల పోటీలను మన తిరువూరు సోదరీమణులు బిడ్డలతోఁ గూడి చూచుచుందురు. ప్రశ్నలు వ్రాయువారి బాధ్యతను గూర్చి రెండు మాటలు చెప్పఁదలఁచితిమి.

తిరువూరు ఏ జిల్లాలోనిదనఁగా, 2022 ఏప్రిల్ 3 వఱకు కృష్ణా జిల్లా యనుట సరి. మఱునాఁడు ఎన్టీఆర్ జిల్లా యేర్పడెను. పాత పుస్తకమును నమ్మి ప్రశ్న వ్రాసినచో నిజము చెప్పినవారే యోడిపోవుదురు. కావునఁ బ్రసారమగు నాఁటికి మరల సరిచూడవలయును.

నిజ మొక్కటియే చాలదు. 2019 నవంబరులో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ ప్రశ్నయందు ఔరంగజేబును మొగలు చక్రవర్తి యనిరి; తక్కిన రాజులకు మహారాణా, మహారాజా వంటి బిరుదము లుంచిరి; శివాజీకి మాత్రము వట్టి పేరే. జవాబులోఁ దప్పు లేదు, మర్యాద లోపించెను. జనులు నొచ్చుకొనఁగా నిర్వాహకులు క్షమాపణము చెప్పుకొనిరి.

సోదరీమణులారా! ఇంట బిడ్డల నడుగునపుడును నిజమును విచారింపుఁడు. ఒరుల మనసు నొవ్వకుండ నడుగుఁడు.