రాజోద్యానము – దేవోద్యానము



గత మాఘమాసమున ఒకనాడు తీర్థప్రసాదములు స్వీకరించిన పిమ్మట ఒక యువకుడు తన ఫోనులోని ఛాయాచిత్రములను నాకు చూపెను. అతడు ఉద్యోగరీత్యా యూరప్‌లో నివసించుచు, సెలవులకు మా దేవరకొండ ప్రాంతమునకు వచ్చియుండెను. అవి ఇటలీదేశమున, రోము నగరమునకు చేరువనున్న తివోలి పట్టణములోని ‘విల్లా దెస్తె’ అను సౌధోద్యానపు చిత్రములు. "అయ్యగారూ, మన రాజులు ఇట్లాంటి తోట ఒక్కటన్నా వేయించలేదా?" అని అతడడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు.

ఆ ఉద్యానవనము నిజముగా అద్భుతమైనది. 1550లో తివోలికి పాలకుడుగా నియమితుడైన ఇప్పోలితో దెస్తె అను క్రైస్తవ మతాచార్యుడు దానిని నిర్మింపజేసెను. కొండవాలుపై అంతరువులుగా తోటను తీర్చి, అనియేనె నదీజలమును పట్టణము క్రిందుగా సొరంగమార్గమున రప్పించిరి. ఏ యంత్రమును లేకయే, పల్లమునకు పారు జలము తన వేగముతోనే వందలాది ధారలుగా ఎగయునట్లు ఏర్పాటు చేసిరి. నడుమ శిథిలమైనను, మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఆ దేశ ప్రభుత్వము దానిని స్వాధీనము చేసుకొని ఉద్ధరించినది. 2001లో అది ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినది. ఇంతటి శ్రద్ధను ప్రశంసింపక తప్పదు.

అయినను ఆ యువకుని ప్రశ్న నన్ను విడువలేదు. కొన్ని దినములకు పాలమూరు వైపు ఒక శుభకార్యమునకు వెళ్ళి, తిరుగు ప్రయాణమున వనపర్తిలో దిగితిని. సంస్థానాధీశుల రాజసౌధమున నేడు పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది. రాజులు విహరించిన చోట విద్యార్థులు పుస్తకములతో తిరుగుచుండగా చూచి సంతోషించితిని. అటనుండి శ్రీరంగాపురము చేరి, ఆ సంస్థానాధీశులు నిర్మించిన రంగనాయకస్వామి ఆలయమును దర్శించితిని. శ్రీరంగమును దర్శించి వచ్చిన ప్రభువు, ఆ స్వామిని తన సీమలోనే సేవించుకొనవలెనను తపనతో ఈ ఆలయమును కట్టించెనని స్థలపురాణము. ఆలయమును ఆనుకొని రంగసముద్రము నిండుగా కనబడినది.

అచ్చట నిలుచున్నప్పుడు ఆ ప్రశ్నకు సమాధానము దొరికినది. వనపర్తి సీమలోని పెద్ద చెరువులను జనులు సప్తసముద్రములని పిలుచుకొందురు. రంగసముద్రము, శంకరసముద్రము, గణపసముద్రము, మహాభూపాలసముద్రము అని వాటి పేర్లు. వానచినుకుకై ఆకాశమును చూచు నేల ఇది. వలసబండి ఎక్కని కుటుంబము లేదని చెప్పుకొను సీమ ఇది. ఇట్టి నేలపై నీటిని ఆకాశమునకెగజిమ్మి వినోదించుట తగునా? ఇచ్చట నీరు ముందుగా పొలమునకు పోవలెను, పిదప దేవుని పూలమొక్కకు చేరవలెను. సంస్థానముల పాలన యందు రైతు కష్టపడలేదని నేననను. కాని చెరువు తవ్వించుటను పూర్తధర్మముగా భావించిన దృష్టి మాత్రము శాస్త్రసమ్మతము. చెరువు, బావి, తోట, దేవాలయము అను నాలుగింటిని మన ధర్మశాస్త్రములు ఒకే వరుసలో చెప్పినవి.

సౌందర్యమొక్కటియే ధర్మము కాదు. లంకలోని అశోకవనమునకు మించిన ఉద్యానమేది? మణిసోపానములు గల దిగుడుబావులు, సర్వకాలములందును పూచు వృక్షములు అందున్నవి. అట్టి తోటలోనే శింశుపావృక్షము క్రింద సీతమ్మ కన్నీరు కార్చినది. తోట ఎంత అందమైనదను ప్రశ్న కంటె, అది ఎవరికొరకు అను ప్రశ్నయే ముఖ్యము. తిరుమలలో అనంతాళ్వారు రామానుజుల ఆజ్ఞచే పూలతోట వేసి, దానికి నీటికై తానే గడ్డపార పట్టి చెరువు తవ్వెను. గర్భవతియైన ఇల్లాలు మట్టి మోసినది. ఆ గడ్డపారను నేటికిని మహాద్వారము వద్ద మనము చూచుచున్నాము. రాజు కాని ఒక భక్తుని తోటయే తొమ్మిది వందల యేండ్లుగా స్మరింపబడుచున్నది.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన పిమ్మట సంస్థానముల కాలము ముగిసినది. అయినను గద్వాల నుండి జోడుపంచెలు ప్రతి సంవత్సరము బ్రహ్మోత్సవములకు తిరుమల చేరుచునే యున్నవి. నేతగాండ్రు నియమనిష్ఠలతో వాటిని నేయుచున్నారు. రాజ్యము పోయినను కైంకర్యము నిలిచినది, ఏలయన దానిని తన పనిగా భావించువాడు ఒకడు నిత్యము ఉన్నాడు. తోటకును ఇదియే రహస్యము. చూచుటకు వేసిన తోట ప్రవేశరుసుముతో నిలుచును. పూజకు వేసిన తోట సేవతో నిలుచును. ఆ సేవ ఆగిననాడు అది ఖాళీస్థలమగును.

ఇచ్చట నా దోషమును చెప్పుకొనవలసియున్నది. నేను అర్చకత్వము చేయు వేణుగోపాలస్వామి ఆలయము వెనుక ఒక నందనవనముండెను. మా తండ్రిగారు తెల్లవారుజామున బావినీరు తోడి పోయుచుండగా, చిన్నబిందెతో నేనును వెంట నడిచితిని. నందివర్ధనము, గన్నేరు, పారిజాతము, తులసి అందు ఉండెడివి. బావి ఎండినది, నాకు ఓపిక తగ్గినది. వారమునకొకసారి పట్టణమునుండి ప్లాస్టిక్ సంచిలో వచ్చు పూలను ఫ్రిజ్‌లో దాచి స్వామికి సమర్పించుచున్నాను. ఆ స్థలమున వాహనములు నిలుపుటకు సిమెంటు పరచవలెనని పెద్దలు ప్రతిపాదించినప్పుడు నేను మౌనము వహించితిని. మౌనము అర్ధాంగీకారమని ఎరిగియే వహించితిని.

శ్రీరంగాపురమునుండి వచ్చిన మరునాడు వారిని కలిసి నా మౌనమును వెనుకకు తీసుకొంటిని. ఆలోచించెదమని వారనిరి. అంతవరకు ఊరకుండక ఒక చిన్న పని చేసితిని. అభిషేకజలమును, భక్తులు కాళ్ళు కడుగుకొను నీటిని వేర్వేరు కాలువలుగా తోటవైపు మళ్ళించితిని. మొదటిది తులసివనమునకు, రెండవది గన్నేరు పాదులకు పోవుచున్నది. ఇంతకాలము ఆ నీరు వీధికాలువలో కలిసినది.

గీతయందు తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు భక్తునినుండి స్వీకరింతునన్నవి ఆకు, పువ్వు, పండు, నీరు మాత్రమే. ఆ నాలుగును తోటలో లభించునవే. కావున భక్తులకు నా విన్నపము: మీ గ్రామాలయమునకు మాల కొని తెచ్చుటకు ముందు, ఆలయము వెనుకకు వెళ్ళి చూడుడు. తోట ఉన్నచో ఒక బిందె నీరు పోయుడు. లేనిచో ఒక మొక్క నాటి, దానికి నీరు పోయు బాధ్యతను మీ పేర వ్రాసుకొనుడు. సిమెంటు పరచుటకు ఎవరైన వచ్చినచో, నావలె మౌనము వహింపకుడు.

ఆ యువకుడు మరల సెలవులకు వచ్చునాటికి అతనికి చూపుటకు నాలుగు నందివర్ధనపు మొక్కలైనను నా వద్ద ఉండవలెనని స్వామిని ప్రార్థించుచున్నాను.

ఇతి శమ్.