పక్క బెంచీ పిల్లకి ముందు తెలుస్తుంది

పిల్ల అన్నం కెలుకుతోందని అమ్మకి తెలుస్తుంది. మార్కులు తగ్గాయని మాస్టారికి తెలుస్తుంది. ఎందుకో మాత్రం పక్క బెంచీలో కూర్చునే పిల్లకే తెలుస్తుంది. మనమూ ఆ వయసు దాటి వచ్చినవాళ్లమే కదా! తొమ్మిదిలోనో పదిలోనో మనసుకి తగిలిన దెబ్బ ఏనాడైనా ఇంట్లో చెప్పామా? బోరింగు దగ్గర బిందె నిండేలోపు, బడి నుంచి వచ్చే దారిలో, స్నేహితురాలి చెవిన వేసి బరువు దింపుకున్నాం. ఇంటికొచ్చి మాత్రం "ఏం లేదమ్మా" అన్నాం. ఇప్పుడు మన పిల్లలూ మనతో అదే మాట అంటున్నారు.

ఇంత తెలిసీ, పిల్లల మనసు బాగుండాలంటే పెద్దవాళ్లే కూర్చోబెట్టి నీతులు చెప్పాలన్న పట్టుదల మనల్ని వదలడం లేదు. ఎవరో వ్యక్తిత్వ వికాస నిపుణుణ్ని పిలిపించి, ఎండలో గంటన్నర కూర్చోబెట్టి, మైకులో "మీరు సాధించగలరు" అనిపిస్తే బడి బాధ్యత తీరినట్టే! వెనక వరసలో గోటితో నేల గీస్తున్న పిల్ల దాకా ఆ మైకు శబ్దం వెళ్తుందేమో గానీ మాట వెళ్లదు.

మా గార్ల సంగతే చెప్తాను. మహబూబాబాదుకీ డోర్నకల్లుకీ మధ్య, రైలు పట్టాల పక్కన ఉన్న ఊరు మాది. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత మహబూబాబాద్ జిల్లా. చుట్టూ లంబాడీ తండాలు. ఇక్కడ మిరపకాయలు ఏరే రోజులూ, పరీక్షలకి చదువుకోవలసిన రోజులూ ఒకటే. తెల్లారకముందే తల్లీ తండ్రీ ఆటో ఎక్కి కూలికి పోతే, పది చదివే ఆడపిల్ల వంట చేసి, తమ్ముణ్ని తయారు చేసి, బడికి పరుగెత్తి, "స్పెషల్ క్లాసుకి ఎందుకు లేటు?" అన్న ప్రశ్నకి తల దించుకుని నిలబడుతుంది. కాస్త కలిగినవాళ్ల పిల్లలది ఇంకో రకం అవస్థ. పది కాగానే ఖమ్మమో, హనుమకొండో, హైదరాబాదో హాస్టలు. తెల్లవారుజామున లేపే గంట దగ్గర నుంచి రాత్రి స్టడీ అవరు దాకా ఊపిరాడదు. ఆదివారం ఒక్క ఫోను. ఆ ఫోనులో మనం మొదట అడిగేది ఏమిటి? "టెస్టులో ఎన్నొచ్చాయి?" ఆ తర్వాతే "తిన్నావా?"

2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక, కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా పడిన ఏడాది అది. తప్పుల మీద కమిటీ వేశారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు. మంచిదే. కానీ అప్పటి నుంచీ నన్ను ఇంకో ప్రశ్న తొలుస్తోంది. ఫలితం చూసిన నిమిషానికీ, ఆ చివరి నిమిషానికీ మధ్య ఆ పిల్లలు ఎవరితో మాట్లాడి ఉంటారు? కొందరైనా ఒక నేస్తానికి ఫోను చేసే ఉంటారు. అవతల ఉన్నదీ పదహారేళ్ల పిల్లే. ఏం అనాలో, ఏం అనకూడదో, ఎవరిని కేకేసి పిలవాలో ఆ పిల్లకి ఎవరైనా నేర్పారా?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఇది అసలు జబ్బు కొస మాత్రమే. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ముగ్గురు. మన పిల్ల క్లాసులోనే. ఆ ముగ్గురూ పిచ్చివాళ్లు కారు, "నాటకాలు" ఆడేవాళ్లూ కారు. జ్వరం వచ్చిన పిల్లకి మాత్ర వేస్తాం, దుప్పటి కప్పుతాం. దిగులు వచ్చిన పిల్లని మాత్రం "నీకేం తక్కువ చేశాం?" అని నిలదీస్తాం.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మందికి పైబడి పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. చదివి సంతోషించాను. ఆ వెంటనే మా మండలంలో బడులన్నీ కళ్ల ముందు మెదిలాయి. లెక్కల మాస్టారి కోసమే ఎదురుచూసే బడులకి కౌన్సిలర్లు ఎప్పుడొస్తారు? వచ్చేదాకా పిల్లలు ఆగుతారా? ఒకవేళ వచ్చినా, గది బయట పేరు రాసిన బోర్డు చూసి ఆ తలుపు తట్టే ధైర్యం ఎంతమందికి?

అందుకే తోటి పిల్లలకే తర్ఫీదు ఇవ్వాలంటున్నాను. ఇది నా ఊహ కాదు, కేంద్ర ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో ఉన్నదే. ఊళ్లో ఇద్దరు అమ్మాయిల్ని, ఇద్దరు అబ్బాయిల్ని ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, వాళ్ల చేత తోటివాళ్లని సమావేశపరచాలి. వాళ్లకి 'సాథియా' అని పేరు. వెనక ఆశా, ఏఎన్ఎం ఉండాలి. 2020లో వచ్చిన బడి ఆరోగ్య కార్యక్రమంలోనూ బడికి ఇద్దరు టీచర్లు ఉండి, వారం వారం క్లాసులో భావోద్వేగాల గురించి మాట్లాడించాలని ఉంది. మీ వీధికి వచ్చే ఆశాను ఒకసారి అడిగి చూడండి... మన ఊరి సాథియాలు ఎవరమ్మా అని. ఆవిడ చెప్పే జవాబును బట్టి పథకం కాగితం మీద ఉందో, ఊళ్లో ఉందో తేలిపోతుంది.

ఫలితం ఉంటుందా అంటారేమో. యూరప్‌లో పది దేశాల్లో, 168 బడుల్లో, 11 వేల మందికి పైగా పిల్లల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. టీచర్లకి శిక్షణ ఇచ్చి "పిల్లల్ని కనిపెట్టండి" అన్న చోట పెద్ద తేడా రాలేదు. పిల్లలే నాటకాలు వేస్తూ, తమ బాధలు తామే మాట్లాడుకున్న చోట, ఏడాది తిరిగేసరికి ఆత్మహత్యాయత్నాలు సగానికి తగ్గాయి. అదంతా కలిపి అయిదు గంటల పాఠం! మన దేశంలో, బీహారు నలంద జిల్లా ప్రభుత్వ బడుల్లో చేసిన ప్రయత్నం 2018లో ప్రచురించారు. అక్కడ గోడ పత్రిక పెట్టారు, పేరు రాయకుండా బాధ రాసి వేసే డబ్బా పెట్టారు, పిల్లల బృందాలు కట్టారు. ఇదంతా స్థానికంగా ఎంపిక చేసిన మామూలు మనిషికి శిక్షణ ఇచ్చి చేయిస్తే పిల్లల్లో దిగులూ, ఒకరినొకరు ఏడిపించుకోవడమూ తగ్గాయి. అదే పని టీచర్ల చేత చేయిస్తే తేడా కనిపించలేదు. టీచర్లని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మార్కులు వేసే చేతికి మనసు అప్పగించడానికి ఏ పిల్లయినా జంకుతుంది, అంతే.

పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి చదువుల దగ్గర మొదలైన మాటలే సారా మీద ఉద్యమమయ్యాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బందయింది. పొదుపు సంఘంలో లెక్కలు రాసేదాని కంటే మొగుడి సంగతులు మాట్లాడుకునేదే ఎక్కువని మగవాళ్లు వేళాకోళం చేస్తారు గానీ, ఆ మాటలే కదా చాలామందిని నిలబెట్టింది! మనకి పనికొచ్చిన మందు మన పిల్లలకి ఎందుకు పనికిరాదు?

అయితే దీన్ని పిల్లల నెత్తిన పడేసి చేతులు దులుపుకుంటే ప్రమాదం. మా వీధిలో ఇంటర్ చదివే ఒకమ్మాయి, ఒక సాయంత్రం మా వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది. ఏమిటే అంటే ఏడుపు. "నా దోస్తు ఒట్టు పెట్టించుకుంది ఆంటీ, ఎవ్వరికీ చెప్పొద్దని. బతకాలని లేదంటోంది. మూడు రోజులాయె, నాకు నిద్ర పడ్తలేదు. చెప్తే పాపం వస్తదేమో..." అంది. పదహారేళ్ల పిల్ల, మూడు రోజులు ఇంకొకరి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తిరిగింది! ఆ రాత్రే ఆ స్నేహితురాలి తల్లితో మాట్లాడాం. ఖమ్మంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మందులు, మాటలు... నెలలు పట్టింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

కాబట్టి పిల్లలకి నేర్పే మొదటి పాఠం ఇది కావాలి. ప్రేమ సంగతి దాచు, పరీక్ష సంగతి దాచు, చచ్చిపోతాననే మాట మాత్రం దాచకు. ఆ ఒట్టు చెల్లదు. విని, పక్కన కూర్చుని, ఒంటరిగా వదలకుండా, అదే రోజు ఒక పెద్ద మనిషికి చేర్చడం వరకే ఆ పిల్ల పని. వైద్యం చెయ్యడం కాదు. ఆ పెద్ద మనిషి ఎవరో ముందే పేరు పెట్టి చెప్పి ఉంచాలి. వారానికోసారి ఆ సాథియాల బరువు దింపేవాళ్లూ ఉండాలి.

ఎంపిక దగ్గర ఇంకో చిక్కు. హెడ్మాస్టరు ఎంచితే క్లాసు ఫస్టునే ఎంచుతారు. ఫెయిలైన పిల్ల వెళ్లి క్లాసు ఫస్టుకి గోడు చెప్పుకుంటుందా? ఎవరికి చెప్పుకోవాలనుందో పిల్లల్నే చీటీలు రాయమనండి. తండా పిల్లలకి వాళ్ల భాషలో మాట్లాడే పిల్ల ఉండి తీరాలి. అమ్మని 'యాడి' అని పిలిచే పిల్ల తన కన్నీళ్లని పుస్తకాల తెలుగులోకి మార్చి చెప్పలేదు. మగపిల్లల్ని మరవకండి. "మగాడివై ఉండి ఏడుస్తావేరా" అన్న మాట వాళ్ల నోరు ఎప్పుడో కుట్టేసింది.

మనవైపు నుంచి ఒక్క హామీ కావాలి. ఆడపిల్లలు నోరు విప్పకపోవడానికి అసలు కారణం, విప్పితే చదువు మాన్పించి పెళ్లి చేస్తారన్న భయం. నిజం బయటపడిన మర్నాడే సంబంధాలు వెతికే ఇంట్లో ఏ సాథియా ఏం చెయ్యగలదు? అలాగే, పొలానికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే తాళం పడాలి. తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి.

ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల చిట్టా మీద సంతకం పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. మా పిల్లల సాథియాలు ఎవరు? వాళ్ల వెనక ఉన్న పెద్ద మనిషి ఎవరు? అలాగే 14416... ఇది 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలీ మానస్ నంబరు. డబ్బు పడదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. దాన్ని బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. హెడ్మాస్టరు గది ఎదుట వద్దు. ఎవరూ చూడకుండా పిల్లలు నిలబడి చదువుకోగలిగే చోట, మంచినీళ్ల ట్యాంకు వెనక గోడయినా సరే.