పాత బల్బు పోయింది. ఆదా ఎవరికి దక్కాలి?

2015 జనవరి 5న ఢిల్లీ సౌత్‌బ్లాకులో ప్రధానమంత్రి ఒక పాత బల్బును తీసి ఎల్‌ఇడి బల్బును అమర్చారు. రాజధానిలో గృహ వినియోగదారులకు ఎల్‌ఇడి బల్బుల పంపిణీ పథకం ఆనాడే ప్రారంభమైనది. బల్బు ఒక్కింటికి తొలుత 10 రూపాయలు, పిదప నెలకు 10 వంతున పన్నెండు నెలలు కరెంటు బిల్లుతోపాటు చెల్లించవలెను. వెరసి 130 రూపాయలు. బజారులో నాడు దాని వెల అంతకంటే ఎంతో ఎక్కువ. ఆదా అయిన సొమ్ములో నుండే వెల తీరిపోయే ఈ పద్ధతి నెలజీతగానికి అనుకూలమైనదే.

ఇంతకూ పాత బల్బు చేసిన నేరమేమి? అందులోని సన్నని టంగ్‌స్టన్ తీగ విద్యుత్ప్రవాహాన్ని నిరోధిస్తూ సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కి ప్రకాశిస్తుంది. కొలిమిలో ఇనుము ఎర్రబడినట్లే. గాలి తగిలితే తీగ క్షణంలో కాలిపోవును గనుక బుడ్డిలో గాలిని తొలగించి ఆర్గాన్, నైట్రోజన్ వాయువులను నింపుతారు. అయినప్పటికీ టంగ్‌స్టన్ కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. బుడ్డి లోపల నల్లని మసక దాని ఫలితమే. సన్నబడిన చోట వేడి హెచ్చి ఒకనాడు తీగ తెగుతుంది. అదియును సాధారణంగా స్విచ్చి వేసిన క్షణముననే. చల్లని తీగకు నిరోధం స్వల్పం, ప్రవాహం పలురెట్లు అధికం. ఇంత శ్రమకు వెలుగుగా మారేది నూటికి అయిదారు పాళ్లే. తక్కినదంతా వేడి. జూన్ మాసపు ఢిల్లీలో ఇరుకు క్వార్టరులో కాపురముండే ఉద్యోగి ఆ వేడిని డబ్బిచ్చి కొని, దానిని తరుముటకు ఫ్యానుకు మరల డబ్బు చెల్లించేవాడు!

ఎల్‌ఇడిలో తీగ లేదు. అర్ధవాహకపు సంధి వద్ద ఎలక్ట్రాన్లు తమ శక్తిలో అధికభాగాన్ని నేరుగా వెలుగుగా విడిచిపెడతాయి. నీలి కాంతినిచ్చే డయోడు కుదిరిన తరువాతనే తెల్లని దీపం సాధ్యపడినది; దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. రోజుకు అయిదు గంటలు వెలిగే 60 వాట్ల బల్బు నెలకు తొమ్మిది యూనిట్లు ఖర్చు చేయగా, అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఇడికి ఒకటిన్నర యూనిట్లు కూడా పట్టవు.

తీగ తెగుట ఇంటిలో చీకటి మాత్రమే; రైలుమార్గంలో అది ప్రాణాపాయం. కనుకనే కలర్‌లైటు సిగ్నళ్ల దీపాలలో రెండు ఫిలమెంట్లు అమర్చేవారు. ఒకటి తెగితే రెండవది వెలిగేది, సిబ్బంది వెంటనే దీపం మార్చేవారు. ఎల్‌ఇడి సిగ్నలులో అనేక డయోడ్లు ఉండుట వలన ఒకటి చెడినా వెలుగు పూర్తిగా ఆరిపోదు. ఇది నిజమైన మేలు. అయితే దీపాలు మార్చే పని తగ్గినదన్న సాకుతో సిగ్నల్ మెయింటెయినర్ పోస్టులను కుదిస్తే మేము అంగీకరించము. కేబుళ్లు, రిలేలు, పాయింట్లు యథాతథంగా ఉన్నవి. వాటికి ఎల్‌ఇడి ఏమి చేయగలదు?

బల్బు ఆయుష్షును ప్రకృతి ఒక్కటే నిర్ణయించలేదు. 1924లో జెనీవాలో ప్రపంచ బల్బుల కంపెనీలు ‘ఫీబస్’ అను కూటమిగా ఏర్పడి, బల్బు వేయి గంటలు మాత్రమే వెలగవలెనని కట్టడి చేసినవి. అంతకు మించి మన్నిన బల్బులు చేసిన సభ్యులకు జరిమానా! ఎక్కువ మన్నే తీగ తక్కువ వెలుగునిస్తుందన్న వారి వాదనలో కొంత నిజమున్నది. కాని నిజమైన వాదనకు జరిమానాల అండ ఎందుకు? రెండవ ప్రపంచయుద్ధంతో ఆ కూటమి చెదిరిపోయినది.

ఇక్కడి అనుభవం వేరు. ప్రభుత్వరంగ సంస్థయైన ఇ.ఇ.ఎస్.ఎల్. దేశమంతటి అవసరాన్ని ఒక్కటిగా కూర్చి కొనుగోలు చేయగా, 2014లో సుమారు 310 రూపాయలున్న సేకరణ ధర 2016 నాటికి 38కి దిగివచ్చినది. ప్రపంచ విపణిలోనూ ధరలు తగ్గిన మాట వాస్తవమే. అయినా ఆ తగ్గుదల సామాన్యుని గడపకు త్వరగా చేరినది ఉమ్మడి కొనుగోలు వల్లనే. 36 కోట్లకు పైగా బల్బులు ఆ విధంగా పంపిణీ అయినవి. కొన్ని రాష్ట్రాలలో మన తపాలా కౌంటర్లలోనూ అమ్మకం జరిగినది.

ఎల్‌ఇడికి కూడా బలహీనత ఉన్నది. డయోడు చెడకముందే దానికి విద్యుత్తునందించే సర్క్యూటులోని కెపాసిటరు వేడికి చెడిపోతుంది. చవక భాగాలు వాడితే పెట్టెపై ముద్రించిన వేల గంటలు కాగితానికే పరిమితం. కనుక ఆర్.ఎం.ఎస్. కార్యాలయాలలో, బుకింగ్ ఆఫీసులలో, రన్నింగ్ రూములలో, క్వార్టర్లలో బల్బు అమర్చిన తేదీని దాని అడుగుభాగాన చెరగని సిరాతో వ్రాయండి. గ్యారంటీ గడువులోపల ఆరిపోయినచో మార్పిడి కోరుతూ వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని ప్రతిని శాఖా కార్యదర్శికి అందజేయండి.