హోసూరు గడియారం, మన ఇంటి బంగారం

పోయిన నెల మామిడి ధరలను గూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలు చదివి వేప్పనపల్లి నుండి ఒక పెద్దాయన ఉత్తరం వ్రాశారు. సర్కారువారు వేసిన ప్లానుకు, ఇచ్చిన పర్మిటుకు లోబడి నడిచిన దేశాలు బజారుకు తలుపు తీసినప్పుడు వర్తకుడు ఏ ఎత్తు వేయాలి అని వారి ప్రశ్న. "పుస్తకాలలోని సంగతులు వద్దు, మన కండ్ల ముందు జరిగినది చెప్పండి" అని ఆజ్ఞ కూడాను. మాకూ అదే సుళువు. ఇందుకోసం మనవైపు వారు మాస్కో పోనక్కరలేదు, హోసూరులో బస్సు దిగితే చాలును.

హోసూరు పక్కనున్న తొరపల్లి రాజాజీగారు పుట్టిన ఊరు. "పర్మిట్ లైసెన్సు రాజ్యం" అనే మాటను దేశం నలుమూలలా వినిపించినది ఆయనే. 1959లో మన ఆచార్య రంగాగారు అధ్యక్షులుగా స్వతంత్ర పార్టీ పెట్టి, ఎవరు ఏ వస్తువు ఎంత తయారు చేయాలో సెక్రటేరియట్ ఫైళ్ళు తేల్చడం తగదని వాదించారు. (ఫైళ్ళ మీదనే బ్రతికే మాబోటి గుమాస్తాలకు ఆ మాట కొంచెం చురుక్కుమంటుంది, అయినా నిజం నిజమే.) ఆయన 1972లో కన్నుమూశారు. 1991 జూలై 24న, పరిశ్రమల శాఖను తమవద్దనే ఉంచుకున్న ప్రధాని పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం 18 రకాల పరిశ్రమలకు తప్ప తక్కినవాటికి లైసెన్సు అక్కరలేదని ప్రకటించింది. తలుపు తీయమని కేకవేసినవారు మన సీమవారు, తీసినవారు మన భాషవారు.

లైసెన్సు కాలంలో వ్యాపారం ఎట్లా నడిచేదో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. సరుకు చేయడం కంటె, చేయడానికి అనుమతి సంపాదించడం కష్టం. అనుమతి దొరికిందా, ఇక కొనేవాడు తానై వచ్చి వరుసలో నిలుచునేవాడు. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకున్నవారు మన సంఘంలోనే ఉన్నారు. కొనేవాడు ఎట్లాగూ నిలుచున్నాడు గనుక, అతనికి ఏది ఇష్టమో కనుక్కోవలసిన అగత్యం అమ్మేవానికి లేకపోయింది. ఏ దేశంలోనైనా ప్లాను వదలివెళ్ళిన జబ్బు ఇదేనని మా అభిప్రాయం. ఫ్యాక్టరీ ఉంటుంది, యంత్రాలుంటాయి, చదువుకున్న పనివారుంటారు. కొనేవాని ముఖం చూచే అలవాటు మాత్రం ఉండదు.

గడియారం సంగతే చూడండి. బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో చేతి గడియారాలు మొదలుపెట్టారు. మంచి గడియారాలు. పెండ్లిలో అల్లుడికి, పరీక్ష పాసయిన కొడుక్కి అదే బహుమానం. మా తండ్రిగారి 'జనతా' ఇప్పటికీ కీ ఇస్తే నడుస్తున్నది. 1984లో తమిళనాడు సర్కారువారి టిడ్కో, టాటాలు కలిసి టైటాన్ వాచెస్ కంపెనీని పెట్టి ఫ్యాక్టరీకి హోసూరును ఎన్నుకున్నారు. గమనించండి, అప్పటికి తలుపు తీయలేదు, ఇదీ లైసెన్సు కడుపున పుట్టిన బిడ్డే. అయితే ఆ తలుపు ఎన్నటికైనా తెరుచుకుంటుందని ముందే తెలిసినట్టు ఈ బిడ్డ మసలుకొన్నది. కీ గడియారం జోలికి పోక క్వార్ట్జ్ మీదనే పందెం కాసింది. హెచ్.ఎం.టి. వారూ క్వార్ట్జ్ చేశారు గాని వారి మనసంతా కీ గడియారం మీదనే ఉండిపోయింది.

1987లో టైటాన్ గడియారాలు అంగళ్ళకు వచ్చాయి. చీకటి కొట్టులో గాజుపెట్టె అడుగున పడి ఉండే వస్తువును దీపాల వెలుగులో, అద్దాల అంగడిలో నిలబెట్టారు. టీవీలో మోజార్ట్ సంగీతం వినిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ టైటాన్ ప్రకటన అని చెప్పగలిగేవారు. గడియారం వేళ చూచుకునే పనిముట్టు అన్న మాట పోయి, చీరకు తగిన రవిక వలె దుస్తులకు తగిన గడియారం అన్న ఊహ వచ్చింది. ఇదంతా 1991కి ముందే జరిగినది సుమండీ. పరదేశపు గడియారాలు బాహాటంగా దిగే నాటికి వీరు ఏళ్ళ తరబడి బజారులో నలిగి ఉన్నారు. హెచ్.ఎం.టి. గడియారాల కంపెనీని మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. తలుపు తీసినందువల్లనే అది మూతపడిందనేవారున్నారు. తలుపు రెండు కంపెనీలకూ ఒక్కటేగదా!

మరో చిక్కు కలదు. ప్లాను దేశంలో అంగడి తెరవడం కంటె ఆ అంగడికి సరుకు అందించేవానిని వెదకడం కష్టం. 1990 జనవరి 31న మాస్కో పుష్కిన్ చౌకులో మెక్‌డొనాల్డ్స్ వారి కెనడా శాఖ ఫలహారశాల తెరిచింది. ఎడతెగని బారులు తీరారు జనం. అయితే దానికి వెనుక పద్నాలుగేళ్ళ బేరసారాలు, నగరం వెలుపల వారే కట్టుకున్న పెద్ద ఫ్యాక్టరీ ఉన్నాయి. రొట్టె, మాంసం, పాలు, అన్నీ అక్కడే సిద్ధం కావాలి, ఎందుకంటే బయట ఆ మచ్చుకు ఇచ్చేవాడు లేడు. కావలసిన ఉర్లగడ్డ పండించడం కూడా అక్కడి రైతులకు నేర్పవలసి వచ్చింది. 1992 జనవరి 2న రష్యా సర్కారు చాలా వస్తువుల ధరలపై అదుపు ఎత్తివేసి దేశమంతా తల్లక్రిందులైనప్పుడు వారు నిలిచింది ఆ ఫ్యాక్టరీ బలంతోనే. 2022లో యుద్ధం వచ్చాక వ్యాపారం అమ్ముకుని వెళ్ళిపోయారు, అది వేరు కథ.

హోసూరులోనూ ఇటువంటిదే. గడియారం పని తెలిసినవారు ఇక్కడెవరున్నారు? మనవైపు పల్లెల నుండి హైస్కూలు చదువు ముగించిన పిల్లలను తీసుకుని పని నేర్పించారు. తరువాత మైరాడా అనే సేవాసంస్థతో కలిసి 'మీడో' అన్న పేరిట పల్లె స్త్రీల చేత గడియారపు గొలుసు పట్టీలు కూర్పించారు. అదే ఊరిలో టి.వి.ఎస్. వారిది ఇంకొక పాఠం. 1980లో ఇక్కడినుండే మోపెడు తెచ్చిన ఆ సంస్థ, జపాను సుజుకీతో కలిసి మోటారు సైకిళ్ళు చేసింది. తలుపులు మూసి ఉన్నన్నాళ్ళు పరదేశపు భాగస్వామికి మనవాడు కావాలి. తెరిచాక ఆయనే నేరుగా రాగలడు. ఆ సంగతి కనిపెట్టి స్వంతంగా నమూనాలు గీయడం నేర్చుకున్నారు గనుకనే, 2001లో సుజుకీతో విడిపోయిన ఏడే 'విక్టర్' బండిని తేగలిగారు. మరుసటి ఏడు నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతి తెచ్చుకున్నారు. జపాను వారిని వదలి జపాను వారి చేతనే మెచ్చుకోబడ్డారన్నమాట.

ఇక బంగారం. మన ఇండ్లకు అసలు తగిలేది ఇదే.

బంగారానికి కూడా ప్లాను కాలం ఒకటి నడిచింది. చైనా యుద్ధం తరువాత 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్‌గారు ఆర్థిక మంత్రిగా ఉండగా, 14 క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగ చేయరాదని ఉత్తర్వు వచ్చింది. కుంపటి, ఊదుగొట్టం తప్ప వేరే ఆస్తి లేని కంసాలి కుటుంబాలు దేశమంతటా వీధిన పడ్డాయి. ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. 1966లో 14 క్యారెట్ల నిబంధన పోయింది గాని, 1968 చట్టంతో కంసాలికి సర్టిఫికెట్టు, లెక్కల పుస్తకం వచ్చాయి. ఆ చట్టాన్ని 1990లో రద్దు చేశారు. మరుసటి ఏడే దేశానికి విదేశీ మారకం కరవై, రిజర్వు బ్యాంకు బంగారం సుమారు 47 టన్నులు ఇంగ్లండుకు తాకట్టు పోయింది. పల్లెలో పెండ్లికి పుస్తె తాకట్టు పెట్టినట్టు!

ఆ మారకం కరవులోనే హోసూరు గడియారం వారికి బంగారం ఆలోచన వచ్చింది. గడియారపు భాగాలు దిగుమతి చేసుకోవాలంటే డాలర్లు కావాలి. నగలు చేసి పరదేశాలకు అమ్మితే డాలర్లు వస్తాయి. ఎత్తు బాగానే ఉన్నది. నగల పని మొదలయ్యే సరికి తలుపు తెరుచుకుని డాలర్ల ఇబ్బంది తీరిపోయింది! ఇక ఈ నగలను ఏం చేయాలి? స్వదేశంలోనే అమ్మాలని 'తనిష్క్' పేరిట 1996లో చెన్నై కెథడ్రల్ రోడ్డులో అంగడి తెరిచారు. పరదేశపు రుచికి తగిన 18 క్యారెట్ల రాళ్ళ నగలు, మంచి దీపాలు, మంచి కుర్చీలు. మనవారు వచ్చారు, చూచారు, వెళ్ళిపోయారు. ఏళ్ళ తరబడి నష్టం.

ఎందుకో మన ఆడవారిని అడిగితే అప్పుడే చెప్పేవారు. మనకు బంగారం అలంకారం మాత్రమే కాదు. నాలుగు సవర్ల గొలుసు అంటే బావి తవ్వకానికి పెట్టుబడి, పిల్లవాని కాలేజీ ఫీజు, ముసలితనానికి పెన్షను. దానిని మార్చేనాడు ఎంత వస్తుందన్నది మొదటి ప్రశ్న, ఎంత అందంగా ఉన్నదన్నది రెండవది. గడియారంలో కొనేవాని మనసు ఇంత చక్కగా కనిపెట్టినవారు బంగారంలో ఎట్లా తప్పారో మాకు ఇప్పటికీ వింతే. తాము చేయగలిగినది అమ్మాలనుకోవడం ప్లాను కాలపు అలవాటు, అది తెలివిగలవారిని కూడా అంత త్వరగా వదలదు కాబోలు.

తరువాత వారు 22 క్యారెట్లకు దిగివచ్చారు. 'క్యారట్ మీటరు' అనే యంత్రాన్ని అంగడి మధ్య పెట్టారు. నగను గీటురాయి మీద గీయనక్కరలేదు, కరిగించనక్కరలేదు. ఎక్స్ కిరణాలు పడితే ఏ లోహం ఎంత ఉన్నదో కొద్ది నిమిషాలలో చెబుతుంది. ఎక్కడ కొన్న నగనైనా తెచ్చి ఉచితంగా చూచుకోండి అన్నారు. ఇదీ అసలు ఎత్తు. తమ నగ మంచిదని చెప్పుకోవడం మాని, కొనేవారికే తూకం రాయి చేతికిచ్చారు. 22 అని నమ్మిన నగలు ఎన్నో తక్కువ చూపించాయి. నేడు ఆ కంపెనీ అమ్మకాలలో గడియారం వాటా చిన్నది, బంగారానిదే సింహభాగం.

మా ఇంటి గొలుసును కూడా మేము అట్లా చూపించాము. 20కి దిగువనే నిలిచింది. చేసినవారు మా తాతగారి నాటినుండి మాకు నగలు చేసే ఇంటివారు. మా అమ్మగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "ఆచారిగారు మనల్ని మోసం చేస్తారా?" అని ఒకటే మాట. ఇక్కడ ఒక న్యాయం చెప్పవలసి ఉన్నది. పాత పద్ధతిలో గొలుసు కడియాలు అతకడానికి వెలిగారం వేసి, రాగి, వెండి కలిసిన టంకంతో ఊదేవారు. సన్నని పని గల నగలో అతుకులు ఎక్కువ, టంకం ఎక్కువ. నగ మొత్తం కరిగిస్తే వన్నె తగ్గక తప్పదు. ఇందులో మోసం ఎంత, టంకం ఎంత అన్నది యంత్రం చెప్పదు. మోసం చేసినవారు లేరని మేము అనడం లేదు. కాని 1963లో సర్కారు ఉత్తర్వు దెబ్బ తిన్న కుంపటే, ఈసారి బజారు యంత్రం దెబ్బ తిన్నది. తలుపు మూసినప్పుడూ తెరిచినప్పుడూ వేళ్ళు నలిగినది ఆ ఒక్క ఇంటివారివే. పెద్ద కంపెనీ తప్పటడుగు వేస్తే నష్టం భరించి నిలువగలదు. కుంపటి ముందు కూర్చున్నవానికి ఆ వ్యవధి ఎక్కడిది?

2021 జూన్ నుండి అనేక జిల్లాలలో హాల్‌మార్కు తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుండి ముద్రతోపాటు ఆరు అక్షరాల గుర్తు కూడా ఉండాలి. ఏటా 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసేవారికి మినహాయింపు ఇచ్చారు. చిన్నవారిని కాపాడటానికే ఇచ్చినది గాని, ముద్ర లేని నగ ఎవరు కొంటారు?

మా ఆచారిగారి కుమారుడు ఆ మినహాయింపును వాడుకోలేదు. తానే పేరు నమోదు చేయించుకుని, చేసిన నగను పరీక్షా కేంద్రానికి పంపి ముద్ర వేయించి ఇస్తున్నాడు. గొలుసులు, గాజులు చేయడం దాదాపు మానేశాడు. వాటిలో పెద్ద అంగళ్ళతో పోటీ పడలేనని ఎంతో నిబ్బరంగా చెబుతాడు. అతడు పట్టుకున్నది బొట్టు. మన తెలుగు ఇండ్లలో ఒక్కో వంశానికి ఒక్కో రకం తాళిబొట్టు కదా, పెద్ద అంగడిలో అవన్నీ ఎవరు ఉంచుతారు? ఏ ఇంటికి ఏ అచ్చు అన్నది వాళ్ళ తాతగారు గీసి పెట్టుకున్న నోటుపుస్తకం అతని వద్ద ఉన్నది. మా అమ్మగారు ఆ గొలుసు మార్చలేదు గాని, మా తమ్ముని కూతురి పెండ్లికి బొట్టు అతనికే చెప్పారు. ఈ నెలలో అటువంటివి ఏడు ఒప్పుకున్నాడట.