నీళ్లు అందరివీ, ఒడ్డు కొందరిది

అమెరికాలోని టెక్సస్ చట్టం ప్రకారం సగటున 30 అడుగుల వెడల్పున్న ఏరు ప్రజల సొత్తు. దాని మీద ఎవరైనా తెడ్డు వేసుకుంటూ పోవచ్చు. చిక్కల్లా ఏట్లోకి దిగడం దగ్గరే. రాష్ట్రంలో 95 శాతం దాకా భూమి ప్రైవేటుది. గట్టుకు కంచె, కంచెకు తాళం. సొంత ఒడ్డు లేని మామూలు కుటుంబం కనూ, కాయక్ నీళ్లలోకి దించాలంటే స్టేట్ పార్కులే పెద్ద దిక్కు.

అలాంటి పార్కుల్లో క్యాడో లేక్‌ది ప్రత్యేక స్థానం. డాలస్ నుంచి తూర్పుగా సుమారు మూడు గంటల ప్రయాణం. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు శనివారం పొద్దున్నే టిఫిన్ కట్టుకుని బయల్దేరితే మధ్యాహ్నానికల్లా నీళ్ల మీద ఉంటారు. పన్నెండేళ్ల దాకా పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. పెద్దలకు కొద్ది డాలర్లు. పడవ అక్కడే అద్దెకు దొరుకుతుంది.

కనూకు ఒంటి తెడ్డు, కాయక్‌కు రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. కొత్తవాళ్లు కనూ ఎక్కితే మొదటి పది నిమిషాలూ అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ముందున్నవాళ్లు లాగాలి, వెనకున్నవాళ్లు తెడ్డును చుక్కానిలా పట్టాలి. ఆ లయ కుదిరాక మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. చుట్టూ నీళ్లలోనే పెరిగిన సైప్రస్ చెట్లు, మోకాళ్లలా పైకి పొడుచుకొచ్చిన వాటి వేళ్లు, కొమ్మల నుంచి బూడిదరంగు జడల్లా వేలాడే నాచు. అన్ని పాయలూ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే నీటిదారుల వెంట అంకెల గుర్తులు పాతారు. తెడ్డు పడవల కోసం గుర్తించిన దారులే 50 మైళ్లకు పైగా ఉన్నాయి.

గుర్రపుడెక్క పట్టిన చెరువును చూసినవాళ్లకు క్యాడో కష్టం వెంటనే అర్థమవుతుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన జెయింట్ సాల్వీనియా అనే నీటిమొక్క అనువైన కాలంలో వారం తిరిగేసరికి రెట్టింపవుతుంది. దాన్ని తినే చిన్న పురుగులను పెంచి సరస్సులోకి వదులుతున్నారు. సరస్సును కాపాడుకోవడం ఏటేటా చేయాల్సిన చాకిరీ.

అయితే కలుపు కన్నా పెద్ద ముప్పు ఒడ్డు చేజారడం. డాలస్‌కు ఆగ్నేయంగా ఉన్న ఫెయిర్‌ఫీల్డ్ లేక్ ఇందుకు సాక్ష్యం. విద్యుత్ కేంద్రాన్ని చల్లబరచడానికి కట్టిన 2,400 ఎకరాల చెరువు అది. కంపెనీ స్థలాన్ని లీజుకు తీసుకుని రాష్ట్రం దశాబ్దాల పాటు పార్కు నడిపింది. 2023లో ఆ స్థలం రియల్ ఎస్టేట్ సంస్థ చేతికి వెళ్లింది. భూసేకరణకు పూనుకున్న రాష్ట్రం చివరికి వెనక్కి తగ్గింది. పార్కు మూతపడింది. తరతరాలుగా పిల్లలు చేపలు పట్టిన ఒడ్డు ఒక్క ఏడాదిలో పరాయిదైపోయింది.

అదే ఏడాది నవంబరులో టెక్సస్ ఓటర్లు కొత్త పార్కుల భూముల కోసం 100 కోట్ల డాలర్ల నిధికి భారీ మెజారిటీతో ఆమోదం తెలిపారు. ఆ డబ్బులో ముందు వాటా నీటి ఒడ్డుకే దక్కాలి. కొండను దూరం నుంచైనా చూడవచ్చు, ఒడ్డు లేని ఏట్లోకి దిగడం ఎలా? లీజులను నమ్ముకుంటే ఏమవుతుందో ఫెయిర్‌ఫీల్డ్ చూపించింది కాబట్టి భూమిని సొంతంగా కొనాలి. నగరాలకు రెండు మూడు గంటల దూరంలో పడవ దించే రేవులు పెంచాలి. ప్రతి రేవులోనూ పిల్లల కొలతలతో సహా లైఫ్ జాకెట్లు అద్దెకు దొరకాలి. పదమూడేళ్లలోపు పిల్లలు చిన్న పడవలో జాకెట్ తొడుక్కోవడం అక్కడ చట్టం. ఈత రాని పెద్దలు కూడా దాన్ని పక్కన పెట్టి కూర్చోకుండా తొడుక్కుని తీరాలి. అమెరికా సరస్సుల్లో మునిగిపోయిన తెలుగు విద్యార్థుల వార్తలు ఇప్పటికే చాలా చదివాం.

అక్కడ ఓటు హక్కు వచ్చిన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. బడులు, రోడ్ల గురించి తమ ప్రతినిధులను నిలదీసే ఆ కుటుంబాలు తమ జిల్లాలో కొత్త రేవు ఎప్పుడు వస్తుందని కూడా అడగాలి.