నేరం ఎండది కాదు, థర్మోస్టాట్‌ది అంతకన్నా కాదు

ఏప్రిల్ వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి రోడ్ల మీద రెండు సరుకులకు కొదవుండదు. ఒకటి చిన్న రసాలు. రెండోది, బోనెట్ ఎత్తుకుని రోడ్డు వార నిలబడ్డ కారు యజమానికి దారినపోయేవాళ్ళిచ్చే సలహా. "థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారెయ్యండి సార్. అది చలిదేశాలోళ్ళకి. మన ఎండలకి దాంతో పనేంటి?" టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. షెడ్డులో మెకానిక్ దానికి తలూపకుండానూ ఉండడు. ఆ మాట విని వాల్వు పీకించుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి, దీన్ని తప్పు అనే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉంది.

నా కారు సంగతి ఇది. తోటలోంచి నున్న మార్కెట్‌కి బయల్దేరితే దారి పొడుగునా వేడి చూపే ముల్లు సగంలో బుద్ధిగా ఉండేది. మార్కెట్ దగ్గర ట్రాక్టర్ల వెనక, కాయల లారీల వెనక ఇంజిన్ ఆపకుండా పావుగంట నిలబడితే మాత్రం మెల్లగా ఎర్రగీత వైపు పాకేది. వరస కదిలి పది గజాలు ముందుకెళ్ళగానే మళ్ళీ కాస్త దిగేది. ఈ వర్ణన విన్న ఒక మెకానిక్ ఫ్యాన్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా వాల్వు తీసేశాడు. వారం తిరక్కుండా అదే వరసలో, అదే ట్రాక్టర్ వెనక, అదే ఆవిరి.

జబ్బు లక్షణంలోనే జవాబుంది. కారు పరిగెడుతున్నప్పుడు ఇంజిన్ ఎక్కువ పెట్రోలు కాలుస్తుంది, ఎక్కువ వేడి పుట్టిస్తుంది. నిలబడి ఉన్నప్పుడు పుట్టే వేడి అందులో కొద్ది భాగమే. వాల్వు మూసుకుపోయి ఇరుక్కుని ఉంటే నీళ్ళు రేడియేటర్‌కే చేరవు. అప్పుడు ముందు ఉడకాల్సింది రోడ్డు మీద, అదీ ఊరు దాటకముందే. రోడ్డు మీద చల్లగా పోతూ నిలబడితేనే వేడెక్కే కారు, తన వాల్వు పనిచేస్తోందని తానే సాక్ష్యం చెబుతోంది. నిలబడినప్పుడు లేనిదీ నడిచేటప్పుడు ఉన్నదీ ఒక్కటే: ఎదురుగాలి. ఆ లోటు తీర్చడానికే ఫ్యాన్ పెట్టారు. ముద్దాయి దొరికాక కూడా పక్కింటివాణ్ణి స్టేషన్‌కి లాక్కెళ్ళడం ఏం న్యాయం?

"ఎండలండీ, 45 డిగ్రీలు" అనే వాదన ఒకటుంది. లెక్క చూద్దాం. రేడియేటర్‌లో నీళ్ళు ఇంచుమించు 90 డిగ్రీల దగ్గర తిరుగుతాయి. డిసెంబరులో బయటి గాలి 25 ఉంటే తేడా 65. మే నెలలో గాలి 45 ఉంటే తేడా 45. తేడా తగ్గింది, నిజమే. వేడి దిగడం కష్టమవుతుంది. కానీ ఆ మిగిలిన తేడా చాలు, గాలి వీస్తుంటే. ఎండే కారణమైతే వరసలో ఉన్న కార్లన్నీ ఉడకాలి కదా, నాదొక్కటే ఉడికిందేం? ఎండ లోపాన్ని బయటపెడుతుందే గాని పుట్టించదు.

థర్మోస్టాట్ చలిదేశాల కోసమన్నదీ తప్పే. అది సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఆ వేడికి చేరకపోతే ఇంజిన్ ఆయిల్ సరిగ్గా పలచబడదు, కంప్యూటర్ ఉన్న కార్లు ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తాయి. ఇంకో ముప్పు ఉంది. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వు తెరుచుకుంటూనే పక్కదారిని మూస్తుంది. అది లేకపోతే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత వేడినీరు రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌కి తిరిగొచ్చేస్తుంది. వేడి తగ్గుతుందని పీకితే వేడి పెరుగుతుందన్నమాట. అయితే పీకొద్దనేవాళ్ళు చెప్పే కారణం కూడా ఒకటి సరిదిద్దాలి. వాల్వు లేకపోతే నీళ్ళు మరీ వేగంగా పోయి చల్లబడే వ్యవధి ఉండదంటారు. అది వట్టిమాట. నీళ్ళు వేగంగా తిరిగితే వేడి ఇంకా బాగానే దిగుతుంది. నావైపు వాదించేవాళ్ళదైనా సరే, తప్పు తప్పే.

"నిలబడ్డప్పుడు కాస్త రేస్ ఇవ్వండి, చల్లబడుతుంది" అనే పెద్దల మాటకు మాత్రం ఒక పుట్టుక ఉంది. అంబాసిడర్ ఫ్యాన్ ఇంజిన్‌కి బెల్టుతో కట్టి ఉండేది. ఇంజిన్ మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరిగేది, రేస్ ఇస్తే విసిరేది. 1983లో మారుతీ 800 వచ్చాక మన రోడ్ల మీద అడ్డంగా కూర్చునే ఇంజిన్లు మామూలయ్యాయి. దాంతో బెల్టు చక్రం రేడియేటర్‌కి ఎదురుగా లేక, బెల్టు ఫ్యాన్ పోయి కరెంటు ఫ్యాన్ వచ్చింది. దానికి ఇంజిన్ వేగంతో పనిలేదు, వేడి కనిపెట్టే స్విచ్చు చెబితే తిరుగుతుంది, లేకపోతే లేదు. రేస్ ఇస్తే పంపు కాస్త జోరుగా నీళ్ళు తోలుతుంది గాని, చచ్చిన ఫ్యాన్ లేచి తిరగదు. కారు మారింది, సలహా మారలేదు.

నా కారులో ఫ్యాన్ నిజంగానే చచ్చిందా? ఇంకో మెకానిక్, కుర్రవాడు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక స్టార్ట్ చేసి ఏసీ వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికి ఆ ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి ఫ్యాన్ మోటారుకి నేరుగా తగిలించాడు, గిర్రున తిరిగింది. అంటే మోటారు బాగుంది, దానికి కరెంటే రావడం లేదు. ఫ్యూజు చూశాడు, పక్కనున్న రిలేతో మార్చి చూశాడు. చివరికి రేడియేటర్ కింద వైరు పట్టుకుని పైకి లాగితే చివర ఊడి చేతిలోకొచ్చింది. పంటిగాట్లు. మామిడితోటలో షెడ్డు కింద పెట్టే కారు కదా, బోనెట్ లోపల వెచ్చగా ఉంటుందని ఎలుకలు చేరాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనేమో.

అక్కడితో ఆగలేదు ఆ కుర్రాడు. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చి వేసి చూపించాడు. మామిడికాయల కింద పరిచే వరిగడ్డి పొట్టు, ఎర్రమట్టి దుమ్ము, ఎండిన పూత కలిసి గోనెపట్టాలా అట్టకట్టి ఉన్నాయి. ఫ్యాన్ తిరిగినా గాలి దూరే సందేది? లోపలి వైపు నుంచి బయటికి, మామూలు పైపుతో మెల్లగా కడిగాడు. జోరు పంపుతో కొడితే రేడియేటర్ రెక్కలు వంగిపోతాయన్నాడు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగును చాలా షెడ్డుల్లో అడ్డమని తీసేస్తారు. అది గాలిని మొత్తం రేడియేటర్ లోంచి లాగించే గొట్టం, అలంకారం కాదు.

రేడియేటర్ మూతనూ చిన్నచూపు చూడకండి. లోపల ఒత్తిడి పట్టి ఉంచి, 100 దగ్గర మరగాల్సిన నీళ్ళని 118, 120 దాకా మరగకుండా ఆపేది అదే. రబ్బరు ఎండిపోయిన మూత ఒత్తిడిని వదిలేస్తుంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందంటూ ఇంజిన్ విప్పించే ముందు కొత్త మూత పెట్టి చూడటం తెలివైన పని. బోరునీళ్ళు పోస్తేనే వేడెక్కుతుందనే మాటా సగమే నిజం. వేడి మోయడంలో వట్టి నీళ్ళు కూలెంట్ కంటే మెరుగే. కానీ బోరునీళ్ళ సున్నం ఏళ్ళ తరబడి సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది, ఆ నీళ్ళు అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఇప్పటికే వాల్వు పీకించుకున్నవాళ్ళు కొత్తది పెట్టించుకోండి. నేను పెట్టించాను. కోతలు మొదలవ్వకముందే, ఇంటి ముందు, చల్లటి ఇంజిన్ మీద ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకోండి. వేడిమీద మూత తిప్పకండి, ఉడికిన ఇంజిన్ మీద బకెట్ నీళ్ళు గుమ్మరించకండి. చేతులు మాత్రం ఫ్యాన్‌కి దూరంగా పెట్టండి. ఇంజిన్ ఆపేశాక కూడా అది దానంతటదే తిరగొచ్చు.